జాలరిపేటలో వంగి చూసిన ఉదయం

విశాఖపట్నంలోని మా ఇంటి నుండి పెద జాలరిపేటకు పది నిమిషాల ప్రయాణం. ఆర్కే బీచ్ నుండి ఉత్తర దిశగా బీచ్ రోడ్డు మీద వెళ్ళే ప్రతిసారీ, లాసన్స్ బే తీరాన ఇసుక మీదికి లాగిపెట్టిన పడవలు, ఆరవేసిన వలలు మాకు కనబడుతూనే ఉండేవి. కనబడ్డాయే గాని, ఏనాడూ మేము వాటిని చూడలేదు. ఎండుచేపల వాసన తగలగానే కారు అద్దాలు ఎత్తుకోవడం, మలుపు దాటగానే దించుకోవడం. ఇన్నేళ్ళుగా ఆ పేటతో మాకున్న పరిచయం ఇంతే. ఈ వేసవిలో ఒక చిన్న గాజుబిళ్ళ మమ్మల్ని అక్కడ మోకాళ్ళ మీద నిలబెట్టింది. ఆ ఉదయం గురించే ఈ నాలుగు మాటలు.

సెలవులలో మా అమ్మాయికి పాఠశాల నుండి ఒక పని వచ్చింది. ఇంటికి దగ్గరలో దొరికే పది సాధారణమైన ప్రకృతి వస్తువులను అతి సమీపం నుండి ఫోటోలు తీసి, ఒక్కొక్కదాని గురించి నాలుగు వాక్యాలు వ్రాయాలి. దీనినే మాక్రో ఫోటోగ్రఫీ అంటారు. నిపుణుల లెక్కలో, కెమెరా లోపలి సెన్సారు మీద వస్తువు తన అసలు పరిమాణంలోనే పడితే అది నిజమైన మాక్రో. చీమ అయిదు మిల్లీమీటర్లు ఉంటే సెన్సారు మీద దాని ప్రతిబింబమూ అయిదు మిల్లీమీటర్లు ఉండాలి. మా దగ్గర అంతటి కెమెరా లేదు. సెల్‌ఫోనుకు క్లిప్పుతో తగిలించుకునే చిన్న లెన్సు ఒకటి కొన్ని వందల రూపాయలకు కొన్నాము. వంటింట్లో కల్లుప్పు, పెరట్లో కరివేపాకు, గడప దగ్గర చీమలు అయిపోయాక అమ్మాయి అడిగింది: "అబ్బా, ఇక ఏం తీయాలి?" వెంటనే మా ఇద్దరికీ జాలరిపేటే తట్టింది. వాసనకు భయపడి దాటిపోయే చోట చిన్న చిన్న వస్తువులకు కొదువ ఉండదనిపించింది.

మే నెలలో ఒక ఆదివారం ఫజ్ర్ నమాజు ముగించుకొని నలుగురమూ బయలుదేరాము. అయిదున్నర కాకమునుపే సూర్యుడు సముద్రంలో నుండి లేచాడు. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ, ఉత్తరాన కైలాసగిరి, మధ్యన ఒంపు తిరిగిన తీరం. మామూలు రోజులలో ఆ వేళకు అక్కడ వేటకు వెళ్ళి వచ్చిన పడవల హడావిడి ఉంటుంది. కాని అది వేట నిషేధ కాలం. చేపలు గుడ్లు పెట్టే ఋతువు కనుక ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజుల పాటు, తూర్పు తీరంలో ఇంజను పడవలు సముద్రంలోకి దిగకూడదు. ఇంజను లేని సంప్రదాయ తెప్పలకు మాత్రమే మినహాయింపు. అందువల్ల ఫైబర్ పడవలన్నీ ఇసుక మీద వరుసగా ఒరిగి ఉన్నాయి. వాటి నీడలో మగవారు వలలు బాగుచేసుకుంటున్నారు. ఆడవారు తెప్పలు తెచ్చిన కొద్దిపాటి నెత్తళ్ళను వల గుడ్డల మీద ఆరబోస్తున్నారు.

మొదటి అరగంటలో మేము తీసిన ముప్పై నలభై ఫోటోలలో ఒక్కటీ పనికి రాలేదు. ఇసుక మీద ప్రాకే ఒక తీగ ఉంటుంది. మేక గిట్టలా చీలిన దళసరి ఆకులు, ఊదారంగు పూలు. ఆ పువ్వు నడిబొడ్డును తీయబోతే గాలికి అది అటూ ఇటూ ఊగింది. ఊగనప్పుడు మా చేయి వణికింది. రెండూ కుదిరినప్పుడు ఫోను నీడ పువ్వు మీద పడింది. లెన్సు వస్తువుకు దగ్గరయ్యే కొద్దీ స్పష్టంగా కనిపించే లోతు తగ్గిపోతుందని, చివరకు అది ఒక మిల్లీమీటరు కూడా ఉండదని మాకు అప్పుడే అర్థమయింది. పుప్పొడి స్పష్టంగా ఉంటే రేకు మసక. రేకు స్పష్టంగా ఉంటే పుప్పొడి మసక. అంతటినీ ఒక్కసారే పట్టుకోవాలనే ఆశను వదులుకోవడమే ఈ విద్యలో మొదటి పాఠం.

మెల్లగా కొన్ని మెలకువలు అబ్బాయి. ఫోనును వ్రేలితో సరిచేయడం మాని, మోచేతులు ఇసుకలో ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒంటినే వెంట్రుకవాసి ముందుకు, వెనుకకు జరపడం మేలు. ఒక్క ఫోటో కాక వరుసగా పది తీస్తే వాటిలో ఒకటి నిలుస్తుంది. నీడ పడిన వైపు ఒక తెల్లకాగితం పట్టుకుంటే వెలుగు తిరిగి వస్తువు మీద పడుతుంది. ఈ కాగితం ఉపాయం చెప్పినప్పుడు అమ్మాయికి ఇబ్న్ అల్ హైసమ్ గురించి చెప్పాము. దాదాపు వెయ్యేళ్ళ క్రితం బస్రాలో పుట్టి, కైరోలో స్థిరపడిన ఆ విద్వాంసుడు 'కితాబుల్ మనాజిర్' అనే గ్రంథం వ్రాశాడు. కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకడం వల్ల మనం చూస్తామని అప్పట్లో చాలామంది నమ్మేవారు. వస్తువు నుండి వచ్చే వెలుగు కంటిలోకి ప్రవేశించడం వల్లనే చూపు కలుగుతుందని ఆయన చీకటి గదిలో ప్రయోగాలతో వాదించాడు. మన చూపు వస్తువు దగ్గరకు పోదు, వస్తువే మన దగ్గరకు రావాలి. అది వచ్చేదాకా మనం సిద్ధంగా ఉండాలి. ఫోటో తీసేవారికి ఇంతకన్నా పనికివచ్చే మాట మాకు దొరకలేదు.

పువ్వును వదిలి ఇసుక వైపు తిరిగాము. ఇసుక కదలదు గదా! పిడికెడు ఇసుకను కాగితం మీద పరచి లెన్సుతో చూస్తే, ఒకే రంగు అనుకున్నది మూడు రంగులయింది. గాజుముక్కల వంటి పలుగురాయి రేణువులు, నిగనిగలాడే నల్లని రేణువులు, మధ్య మధ్య దానిమ్మ గింజల వంటి ఎర్రనివి. నల్లనివి ప్రధానంగా ఇల్మనైట్. అందులో నుండి తీసే టైటానియంతోనే గోడలకు వేసే తెల్లరంగు తయారవుతుంది. ఎర్రనివి గార్నెట్. ఇవి తూర్పు కనుమల ఖోండలైట్ రాతిలో పుట్టినవి. ఆ రాతికి 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కనుమలలో నివసించే ఖోండు గిరిజనుల పేరు పెట్టాడు. విశాఖ కొండలన్నిటా కనిపించే రాయి అదే. వానకు, ఎండకు కొండ కరిగి, వాగుల వెంట సముద్రం చేరి, అలలకు అరిగి, మళ్ళీ ఒడ్డుకు వచ్చిన కొండ ముక్కలే మా కాగితం మీద ఉన్నాయి.

ఆ ఫోటోను పెద్దది చేసి చూస్తున్న అబ్బాయి, "అమ్మీ, ఈ నీలం పురుగేమిటి?" అని అడిగాడు. అది పురుగు కాదు. వల నుండి తెగిన నైలాన్ పోగు. దాని ప్రక్కనే మరొకటి, ఆకుపచ్చది. తెల్లని ప్లాస్టిక్ ముక్కలు రెండు మూడు. కంటితో చూసినప్పుడు శుభ్రంగా తోచిన పిడికెడు ఇసుకలోనే ఇన్ని ఉన్నాయి. వలల పోగులే కాదు, మేము విహారానికి తెచ్చి పారవేసే సీసాల మూతలు కూడా అరిగి అరిగి ఇలాగే అవుతాయి. అమ్మాయి ఆ ఫోటోను పదింటిలో ఒకటిగా ఉంచాలా వద్దా అని కొంతసేపు ఆలోచించి, ఉంచింది. "ఇప్పుడు ఇది కూడా మన ప్రకృతిలోనే ఉంది కదా" అన్నది. మేము జవాబు చెప్పలేకపోయాము.

ఒక పడవను ప్రక్కకు ఒరిగించి, ఇద్దరు యువకులు దాని అడుగు భాగాన్ని గీకుతున్నారు. అక్కడ చిన్న చిన్న అగ్నిపర్వతాల వంటి సున్నపు గుల్లలు గుంపులుగా అంటుకొని ఉన్నాయి. వీటిని బార్నకిల్స్ అంటారు. చూడడానికి నత్తగుల్లల వలె ఉన్నా ఇవి రొయ్యలకు, పీతలకు బంధువులు. పసితనంలో నీటిలో ఈదుతూ తిరిగి, ఒకచోట తలను అంటించుకొని, ఇక జీవితాంతం అక్కడే ఉండి, కాళ్ళతో నీటిని తోడుకుంటూ ఆహారం తింటాయి. చార్లెస్ డార్విన్ 1846 నుండి 1854 వరకు ఎనిమిదేళ్ళు వీటి అధ్యయనంలోనే గడిపాడు. గుల్ల నోటి దగ్గర ముడుచుకొన్న తలుపులు లెన్సులో స్పష్టంగా కనిపించాయి. "ఇవి పట్టినాయంటే పడవ బరువైపోద్ది బాబూ. డీజిలంతా తాగేస్తాది" అన్నాడు ఒక యువకుడు. మాకు అందమైన బొమ్మ అయినది వారికి నూనె ఖర్చు.

అక్కడికి కొంత దూరంలో తడి ఇసుక మీద పీతల కన్నాలున్నాయి. లేత ఇసుకరంగు పీతలు. కాడల మీద నిలబెట్టిన నల్లని కళ్ళు. మేము రెండు అడుగులు వేస్తే చాలు, మెరుపులా కన్నంలో దూరిపోతున్నాయి. పావుగంట వెంటబడినా ఒక్క ఫోటో చిక్కలేదు. చివరకు అబ్బాయి ఖాళీ నీళ్ళ సీసాను సగానికి కోసి, ఒక పీత మీద బోర్లించాడు. నిజం చెప్పాలంటే వాడికి ఆ ఉపాయం చెప్పింది మేమే. "ఒక్క ఫోటో తీసి వదిలేద్దాం" అన్నాము. పీత ప్లాస్టిక్ గోడను గోళ్ళతో గీకుతోంది. లెన్సు దగ్గరకు పెడితే గోడ మీద ఆవిరి పట్టి ఏమీ కనబడలేదు. ఇసుకను ప్రక్కకు తోసి, సీసాను ఎండవైపు త్రిప్పాము. ఒక్క ఫోటో కాస్తా ఇరవై అయ్యాయి.

"ఏటి బాబూ అది?" అని వెనుక నుండి ఒక గొంతు వినబడింది. పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన. "పీతను ఎండలో అట్టా బిగించేస్తే సస్తాది. ఒగ్గేయండి."

పీత మొప్పలతోనే ఊపిరి పీల్చుకుంటుందని, ఆ మొప్పలు తడిగా ఉంటేనే అది బ్రతుకుతుందని మేము పుస్తకంలో చదివినవాళ్ళమే. చదివినది చేతికి రాలేదు. అబ్బాయి సీసా ఎత్తగానే పీత రెండు క్షణాలు కదలలేదు. ఆ రెండు క్షణాలూ మాకు చాలా పొడవుగా తోచాయి. తరువాత అది ప్రక్కకు జరిగి, కన్నం వైపు పరుగుతీసింది. అబూ దావూద్ హదీసు గ్రంథంలోని ఒక సంఘటన మాకు గుర్తుకు వచ్చింది. ప్రయాణంలో సహచరులు ఒక పక్షి పిల్లలను తీసుకుంటే, తల్లి పక్షి రెక్కలు కొట్టుకుంటూ వారి మీద తిరుగుతుంది. దైవప్రవక్త (స) అది చూసి, దాని పిల్లలను దానికి తిరిగి ఇచ్చివేయమని ఆదేశిస్తారు. ఆ సహచరులు కూడా దానికి హాని చేయాలనుకున్నవారు కారేమో. మేమూ కాము. అయినా సీసా మా చేతిలోనే ఉంది.

తరువాత పెద్దాయన చెప్పినట్లు చేశాము. కన్నానికి రెండు అడుగుల దూరంలో, ఎండకు ఎదురుగా కాక ప్రక్కగా, ఇసుక మీద బోర్లా పడుకొని ఎదురుచూశాము. బట్టలు తడిసాయి. ఇరవై నిమిషాలు గడిచాక ముందు ఒక కన్ను, తరువాత రెండవ కన్ను, ఆపైన గోళ్ళతో పట్టుకొన్న ఇసుక ముద్ద పైకి వచ్చాయి. అమ్మాయి తీసిన ఆ ఫోటోలో ఒక కన్ను మాత్రమే స్పష్టంగా ఉంది, తక్కినదంతా మసక. కాని పీత తన ఇంటి గుమ్మంలో, తన పని తాను చేసుకుంటూ ఉంది. ఆ ఇరవై బందీ ఫోటోలనూ పిల్లలే తుడిచివేశారు.

ఇంత జరిగాక కూడా మరో పొరపాటు చేశాము. పెద్దాయన చేతులు వల కన్నులలో చకచకా ఆడుతున్నాయి. దారం చుట్టిన ప్లాస్టిక్ సూది వెళ్ళి, మెలిక తిరిగి, ముడిపడుతోంది. ఆ వ్రేళ్ళ నిండా నైలాన్ కోసిన పాత గీతలు. అమ్మాయి మెల్లగా దగ్గరకు జరిగి లెన్సు పెట్టింది. ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. కోపం లేదు. నవ్వుతూనే అడిగాడు:

"పీతను ఒగ్గేసినారు. మరి నన్నెందుకు పట్టుకున్నారు తల్లీ?"

మా తలలు వాలిపోయాయి. ఆయనే చెప్పాడు. బీచ్‌కు వచ్చినవారు ఫోటోలు తీసుకొని పోతారు. ఆ ఫోటోలు ఎక్కడికి పోతాయో, వాటి క్రింద ఏమి వ్రాస్తారో వీరికి తెలియదు. మురికి అని వ్రాస్తారు, పేదరికం అని వ్రాస్తారు. "మా పేరు గూడా అడగరు" అన్నాడు. అమ్మాయి ఆయన ముందు కూర్చుని, "తాతా, మీ చేతులు, ముడి మాత్రమే తీస్తాను. ముఖం తీయను. తీసినది మీకు చూపిస్తాను. సరేనా?" అని అడిగింది. ఆయన కొంచెంసేపు ఆలోచించి, "తియ్యి. బొమ్మ తెచ్చి ఇయ్యాల మరి" అన్నాడు. చేతులు కదలకుండా నిలిపాడు. ఒక ముడి ప్రక్కన మరొక ముడి, రెండూ వచ్చేటట్లు తీసింది. నెత్తళ్ళు ఆరబోస్తున్న ఆయన భార్య కూడా వచ్చి, లెన్సులో ఒక చేప పొలుసును చూసింది. చెట్టు మానును కోస్తే కనబడే వలయాల వలె పొలుసు మీద ఉండే గీతలను బట్టి చేప వయసును అంచనా వేస్తారని అమ్మాయి చెప్పింది. "ఇన్నేల్లు తోమినాను, లోపల ముగ్గేసున్నాదని తెల్దు" అని ఆమె ఆ పొలుసును మళ్ళీ మళ్ళీ చూసింది.

ఆ సాయంత్రం మగ్‌రిబ్ నమాజు తరువాత ఇంట్లో ఈ సంగతే మాట్లాడుకున్నాము. దివ్య ఖుర్ఆన్‌లో తేనెటీగ పేరిట, చీమ పేరిట, సాలెపురుగు పేరిట అధ్యాయాలున్నాయి. చీమ అధ్యాయంలో సులైమాన్ (అ) సైన్యం వస్తుండగా ఒక చీమ తక్కిన చీమలను ఇళ్ళలోకి వెళ్ళమని హెచ్చరిస్తుంది. ఆ సైన్యం తమకు తెలియకుండానే మిమ్మల్ని తొక్కివేయవచ్చునని అంటుంది. చిన్నప్పటి నుండి వింటున్న కథే ఇది. 'తెలియకుండానే' అన్న మాట దగ్గర మేము ఇంతకుముందు ఎన్నడూ ఆగలేదు. చీమ ఆ సైన్యానికి దురుద్దేశం అంటగట్టలేదు. ఎత్తు మీద నడిచేవారికి నేల మీదివారు కనబడరన్నది మాత్రమే చెప్పింది. కారు అద్దాలు ఎత్తుకున్నప్పుడు మేము కూడా ఎవరినీ అవమానించాలనుకోలేదు.

మరుసటి వారం ఫోటోలను పెద్ద కాగితాల మీద ముద్రింపించి తీసుకువెళ్ళాము. పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకొని ముడుల బొమ్మను చాలాసేపు చూశాడు. తరువాత ఒక ముడి మీద వ్రేలు పెట్టి, "ఇది నాది" అన్నాడు. ప్రక్క ముడి మీద పెట్టి, "ఇది మా పెద్దోడిది" అన్నాడు. ఎలా తెలిసిందని అడిగాము. చూపించాడు. ఒక ముడిలో దారం కుడి నుండి తిరిగింది. రెండవ దానిలో ఎడమ నుండి. "ఆడు ఎడం సేతోడు" అన్నాడు. ఆ కుమారుడు గుజరాత్‌లోని వేరావల్‌లో పడవల మీద పనికి వెళ్ళాడట. ఉత్తరాంధ్ర తీరం నుండి ఎందరో అలా ఆ దూరపు రేవుకు వెళ్ళి నెలల తరబడి అక్కడే వేట చేస్తారు. పడమటి తీరంలో నిషేధం జూన్‌లో మొదలవుతుంది గనుక అప్పుడు ఇంటికి వస్తాడని చెప్పాడు.

మేము ఆ ఫోటోను వారం రోజులుగా ఎన్నోసార్లు చూశాము. వెలుగు బాగా పడిందని, స్పష్టంగా వచ్చిందని మెచ్చుకున్నాము. అందులో ఇద్దరు మనుషులున్నారని మాకు తెలియలేదు. ఆమె ఆ కాగితాన్ని చీర కొంగుతో తుడిచి లోపలికి తీసుకువెళ్ళింది.

ఈ విద్యను మన పిల్లలకు నేర్పాలనుకునే తల్లిదండ్రులకు రెండు మూడు మాటలు. ఖరీదైన కెమెరా అవసరం లేదు. క్లిప్పు లెన్సు చాలు. సముద్రం దగ్గర గాలిలోని ఉప్పు, ఇసుక లెన్సును గీకివేస్తాయి. ముందు ఊది, ఆ తరువాతే మెత్తని గుడ్డతో తుడవండి. ఉదయపు వెలుగులో, గాలి తక్కువగా ఉన్నప్పుడు వెళ్ళండి. ప్రాణిని పట్టుకోకండి, దాని చోటు నుండి కదల్చకండి, అది వచ్చేదాకా ఆగండి. మనిషి అయితే అడగండి, ఇస్తామన్నది తప్పక ఇవ్వండి. ఆ పెద్దాయన తన పేరు, ముఖం వద్దన్నాడు. కనుక ఇక్కడ వ్రాయలేదు. చేతుల గురించి వ్రాసుకోమన్నాడు.

మా అమ్మాయి పదవ ఫోటోగా ఆ ముడులను అతికించి, క్రింద నాలుగు వాక్యాలు వ్రాసింది. ముడి ప్రకృతి వస్తువు ఎలా అవుతుందని పాఠశాలలో అడగవచ్చు. అడిగితే ఏమి చెప్పాలో తనకు తెలుసునని అంటోంది. జూన్‌లో ఆ ఎడమచేతి కుమారుడు ఇంటికి వచ్చాడో లేదో చూడడానికి మేము మళ్ళీ జాలరిపేటకు వెళ్ళాలనుకుంటున్నాము. ఈసారి లెన్సు తీసుకువెళ్ళాలా వద్దా అని పిల్లలిద్దరూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.